కొత్త ఆవిరి ఇంజన్ మోడల్ బొమ్మలా కనిపిస్తోంది. పనిచేసిన ఇంజన్‌లా ఎలా మార్చాలి?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. విజయవాడలో మేడ మీద గదిలో మోడల్ రైలు లేఅవుట్ కట్టుకుంటున్నారు. ఇంగ్లండ్‌లో ఉంటున్న మీ బావగారు ఓఓ స్కేలు (నిజం కంటే 76 రెట్లు చిన్నది) బ్లాక్ ఫైవ్ అనే బ్రిటిష్ ఆవిరి ఇంజన్ మోడల్ తెచ్చిచ్చారు. బాగా నడుస్తోంది కానీ నల్లటి ప్లాస్టిక్ మెరుపు వల్ల బొమ్మలా కనిపిస్తోంది. 1968 నాటి ఫొటోల్లో కనిపించే మసి పట్టిన ఇంజన్‌లా మార్చాలని ఉంది. ఎయిర్‌బ్రష్ (రంగును గాలితో చిమ్మే పరికరం) లేదు, ఖరీదైన మోడల్ పాడవుతుందేమోనని టెన్షన్. ఎక్కడ మొదలుపెట్టాలి, తుప్పు రంగు ఎంత వేయాలి?

సూటిగా చెప్తాను. ఎయిర్‌బ్రష్ లేకుండా బాగానే చేయొచ్చు. చిన్న చిన్న భాగాలు అతికించే పని ముందు, మురికి పని తర్వాత. తుప్పు రంగు మీరు ఇప్పుడు అనుకుంటున్న దానిలో పదో వంతు చాలు. రంగు డబ్బా మూత తీసే ముందు ఒకే ఒక్క నిజమైన ఇంజన్ ఫొటో ఎంచుకుని, దాని మీద ఉన్న ప్రతి మరక ఎక్కణ్ణుంచి వచ్చిందో చెప్పగలిగేదాకా చూడండి. ఇంజన్ మీద మురికి ఊరికే పట్టదు. నీళ్ళు కారిన చోట, మసి రాలిన చోట, నూనె చిందిన చోట, బూటు రాసుకున్న చోట పడుతుంది. ఆ కారణం తెలిస్తే చెయ్యి దానంతటదే సరైన చోటికి వెళ్తుంది.

నేను కాజీపేట రైల్వే క్వార్టర్స్‌లో పెరిగాను. నాన్నగారు లోకో షెడ్‌లో ఫిట్టర్. మోడల్స్ చేయడం మొదలుపెట్టి ఇరవై ఏళ్ళు దాటింది, నలభై ఇంజన్ల దాకా చేశాను. అందులో బ్లాక్ ఫైవ్‌లే మూడు.

ముందు ఒక ఇంజన్, ఒక సంవత్సరం ఖాయం చేసుకోండి. బ్లాక్ ఫైవ్‌లు 1934 నుంచి 1951 దాకా 842 కట్టారు. 1968 ఆగస్టులో బ్రిటిష్ రైల్వేస్ మామూలు సర్వీసుల్లో ఆవిరిని ఆపేసేదాకా కొన్ని నడుస్తూనే ఉన్నాయి. ఇన్నేళ్ళలో వాటి రూపం చాలా మారింది. మీ మోడల్ టెండర్ (ఇంజన్ వెనక బొగ్గు, నీళ్ళు మోసే బండి) పక్కన ఉన్న బ్రిటిష్ రైల్వేస్ ముద్ర చూడండి. చక్రం మీద సింహం నిలబడి ఉంటే అది 1956కు ముందు వేసిన ముద్ర. కిరీటంలోంచి లేచిన సింహం చక్రాన్ని పట్టుకుని ఉంటే 1956లో వచ్చింది. పైన కరెంటు తీగలున్నాయని హెచ్చరించే చిన్న తెల్ల పలకలు బాయిలర్ మీద, టెండర్ మీద ఉన్నాయంటే 1960ల ఇంజన్. పాత ముద్ర ఉన్న మోడల్‌కు 1968 మురికి పట్టిస్తే తెలిసినవాళ్ళకు వెంటనే పంటి కింద రాయిలా తగులుతుంది. అలాంటిదైతే ముద్ర మార్చుకోండి, లేదా 1955 నాటి మామూలు మురికితో సరిపెట్టుకోండి.

1968 చివరిదాకా ఆవిరి మిగిలిన షెడ్లు మూడే: కార్న్‌ఫోర్త్, ప్రెస్టన్ దగ్గరి లాస్టాక్ హాల్, బర్న్‌లీలోని రోజ్ గ్రోవ్. వాటి కోడ్లు వరసగా 10ఏ, 10డీ, 10ఎఫ్. స్మోక్‌బాక్స్ (బాయిలర్ ముందు, పొగగొట్టం కింద పొగ చేరే గది) తలుపు అడుగున చిన్న గుడ్డు ఆకారం పలక మీద ఉండేవి. ఆఖరి నెలల్లో కొన్ని ఇంజన్లకు నంబరు పలక ఊడిపోయి, దాని చోట ఎవరో తెల్ల పెయింట్‌తో చేత్తో రాసిన అంకెలు కనిపిస్తాయి. ఇంజన్ మొత్తం మసితో నిండి, క్యాబ్ (డ్రైవర్ నిలబడే గది) పక్కన నంబరు ఉన్నంత మేర మాత్రం నూనె గుడ్డతో తుడిచి ఉంటుంది. ఈ తుడిచిన చదరం ఒక్కటి చేసి చూడండి, మోడల్‌కు ప్రాణం వస్తుంది. షెడ్లో ఒక మనిషి ఆ పొద్దున ఒక గుడ్డముక్క పట్టుకుని నిలబడ్డాడని అది చెప్తుంది.

మరకలు ఇష్టం లేకపోతే దానికీ దారి ఉంది. 1968 ఆగస్టు 11న నడిచిన వీడ్కోలు స్పెషల్‌కు కట్టిన 45110, 44781, 44871 మూడూ బ్లాక్ ఫైవ్‌లే, శుభ్రంగా తోమి పంపారు. శుభ్రమైన ఇంజన్‌కు కూడా చక్రాల కింద మురికి, పొగగొట్టం చుట్టూ మసి ఉంటాయి. పని తక్కువ, ఓపిక అంతే.

ఫొటో ఎంచుకునేటప్పుడు రెండు పక్కలా దొరికే ఇంజన్ అయితే మంచిది. ఎడమ పక్క, కుడి పక్క ఒకేలా మురికి పట్టవు.

భాగాలు అతికించడం. మోడల్ పెట్టెలో ఒక చిన్న ప్లాస్టిక్ సంచి ఉంటుంది. వాక్యూమ్ పైపులు, స్క్రూ కప్లింగ్, బ్రేక్ కడ్డీలు, సిలిండర్ కింద నీళ్ళు వదిలే సన్నటి గొట్టాలు, ముందు మెట్లు అందులో ఉంటాయి. చాలామంది ఆ సంచి అలాగే అల్మరాలో పెట్టేస్తారు. అవి పెట్టగానే ఇంజన్ ముందు భాగం సగం నిజమవుతుంది. కానీ మీ లేఅవుట్‌లో వంపు ఎంతో ముందు చూసుకోండి. 438 మిల్లీమీటర్ల వ్యాసార్ధం ఉన్న బిగుతు వంపు (రెండో రేడియస్) పట్టాలైతే సిలిండర్ గొట్టాలు, ముందు మెట్లు ఇంజన్ ముందుండే చిన్న చక్రాలకు తగిలి ఇంజన్ పట్టాలు తప్పే అవకాశం ఎక్కువ. ముందు బ్లూ టాక్ లాంటి మెత్తటి జిగురు ముద్దతో నిలబెట్టి, వంపు మీద రెండు వైపులా నడిపి చూసి, తగలకపోతేనే అతికించండి. ఇంజన్‌కు టెండర్‌కు మధ్య కడ్డీలో రెండు రంధ్రాలుంటే దగ్గరిది వాడి చూడండి. ఆ ఖాళీ తగ్గినంతగా రూపాన్ని మార్చేది ఇంకొకటి లేదు. ఇది కూడా వంపు ఒప్పుకుంటేనే.

కొలత విషయంలో ఒక లెక్క గుర్తుపెట్టుకోండి. ఓఓ స్కేలులో ఒక మిల్లీమీటరు అంటే నిజంలో 76 మిల్లీమీటర్లు, దాదాపు మూడు అంగుళాలు. మనిషి చేత్తో పట్టుకునే హ్యాండ్‌రైల్‌కు 0.45 మిల్లీమీటర్ల ఇత్తడి తీగ సరిపోతుంది. ఒక మిల్లీమీటరు తీగ వేస్తే అది తాటి దుంగ పట్టుకున్నట్టు ఉంటుంది. ఇదే లెక్క మురికికీ వర్తిస్తుంది. రెండు మిల్లీమీటర్ల వెడల్పున కుంచెతో గీసిన చార నిజంలో ఆరంగుళాల ధార. బాయిలర్ మీద ఆరంగుళాల తుప్పు ధార ఎవరూ చూసి ఉండరు.

దీపాలు మరిచిపోవద్దు. ముందు బఫర్ల పైన రెండు దీపాలుంటే ఎక్స్‌ప్రెస్, పొగగొట్టం అడుగున ఒక్కటే ఉంటే ఆగుతూ వెళ్ళే ప్యాసింజర్. మీరు వెనక తగిలించే పెట్టెలను బట్టి పెట్టండి. క్యాబ్‌లో డ్రైవర్ ఎడమ పక్క, ఫైర్‌మన్ కుడి పక్క ఉండాలి.

జిగురు గురించి నాకు తగిలిన దెబ్బ చెప్తాను. నా మొదటి బ్లాక్ ఫైవ్‌కు క్యాబ్ అద్దాలు ఫెవిక్విక్‌తో పెట్టాను. పొద్దునకల్లా అద్దాలు పొగమంచు పట్టినట్టు తెల్లబడ్డాయి. ఆ జిగురు ఆవిరి పారదర్శక ప్లాస్టిక్ మీద తెల్లటి పొరగా పేరుకుంటుంది. అద్దాలకు మామూలు ఫెవికాల్ చాలు, ఆరాక కనిపించదు. ఫెవిక్విక్‌ను సూది మొనతో, లోహపు ముక్కలకు మాత్రం వాడండి.

ఇవన్నీ అయ్యాక బాడీని ఛాసిస్ (చక్రాలు, మోటారు ఉండే అడుగు చట్రం) నుంచి విడదీసి, గోరువెచ్చటి నీళ్ళలో రెండు చుక్కల గిన్నెలు తోమే లిక్విడ్ వేసి మెత్తటి టూత్‌బ్రష్‌తో కడిగి, ఒక రాత్రంతా ఆరనివ్వండి. వేలిముద్రల జిడ్డు మీద రంగు నిలవదు.

మురికి ఎక్కణ్ణుంచి వస్తుంది. ఇక్కడ కొంచెం తీరిగ్గా చదవండి, ఎందుకంటే అసలు పని ఇదే.

మసి పైనుంచి రాలుతుంది. పొగగొట్టంలోంచి వచ్చింది బాయిలర్ నెత్తిన, క్యాబ్ కప్పు మీద, టెండర్ ముందు భాగంలో పడుతుంది. కాబట్టి పై భాగాలు మెరుపు లేని నలుపు. కిందికి వచ్చేకొద్దీ నలుపు తగ్గి గోధుమ రంగు పెరుగుతుంది. ఆ గోధుమ రంగు చాలామంది అనుకున్నట్టు ఇంజన్ తుప్పు కాదు. పోత ఇనుము బ్రేకు దిమ్మలు చక్రాల మీద అరిగి లేచే పొడి, దారి మీది దుమ్ము, నూనె కలిసిన పూత అది. చక్రాలకు, ఫ్రేములకు, టెండర్ అడుగు భాగానికి అదే పట్టి ఉంటుంది.

స్మోక్‌బాక్స్‌కు, బాయిలర్‌కు తేడా చూపించడం మీద మనసు పెట్టండి. బాయిలర్ చుట్టూ వేడి బయటికి పోకుండా పొర కప్పి, దాని మీద పలుచటి రేకు తొడుగుతారు. ఆ రేకు మీద పెయింట్ కాలదు. స్మోక్‌బాక్స్‌కు ఆ తొడుగు లేదు, లోపలి వేడి నేరుగా పెయింట్‌కు తగులుతుంది. కొన్ని నెలల్లో నలుపు చచ్చి బూడిద రంగుకు, ఎండిన కాఫీ మరక రంగుకు తిరుగుతుంది. తలుపు సరిగా మూసుకోక గాలి లోపలికి పోతే అడుగున పేరుకున్న కాలని బొగ్గు రవ్వ అక్కడే మండుతుంది, తలుపు కింది అంచు కాలి ఎర్రబారుతుంది. ఇంజన్ మీద ధైర్యంగా తుప్పు రంగు వేయదగ్గ చోట్లలో ఇది మొదటిది. స్మోక్‌బాక్స్ ఎక్కడ ఆగి బాయిలర్ ఎక్కడ మొదలవుతుందో మూడడుగుల దూరం నుంచి తెలిస్తే మీ పని సగం గెలిచినట్టే.

ఇక నీళ్ళు. బోరు నీళ్ళు వాడే ఇంట్లో బకెట్‌కు, కుళాయికి తెల్లటి పొర పడుతుంది కదా, ఇంజన్‌కు కూడా అదే పడుతుంది. నీరు మరిగి ఆవిరై పోతుంది, అందులోని సున్నం మిగులుతుంది. బ్లాక్ ఫైవ్‌కు నీరు లోపలికి వెళ్ళే టాప్ ఫీడ్ బాయిలర్ నెత్తిన ఉంటుంది. అక్కడ కీలు కారితే బాయిలర్ రెండు పక్కలా సన్నటి తెల్ల చారలు దిగుతాయి. సేఫ్టీ వాల్వుల చుట్టూ ఫైర్‌బాక్స్ (బాయిలర్ వెనక బొగ్గు మండే భాగం) మీద కూడా అంతే. ఫైర్‌బాక్స్ భుజం మీద బాయిలర్ కడగడానికి పెట్టిన ప్లగ్గులు వరసగా ఉంటాయి. వాటిలో ఒకటో రెండో కారతాయి, అన్నీ కాదు. అన్నిటి కిందా ఒకేలా తెల్లగీతలు గీస్తే ముగ్గు వేసినట్టు ఉంటుంది. క్యాబ్ మెట్ల దగ్గర ఇంజెక్టర్ (బాయిలర్‌లోకి నీరు ఎక్కించే పరికరం) పొంగు నీరు పడే చోట తడి నలుపు, దాని అంచున తెలుపు.

నాన్నగారు బాయిలర్ కడిగే రోజు ఇంటికొస్తే చొక్కా చేతుల మీద ఆ తెల్లపొడి ఉండేది. అమ్మ దాన్ని వేరుగా నానబెట్టేది. నేను టాప్ ఫీడ్ కింద తెల్ల చార గీసిన ప్రతిసారీ ఆ చొక్కా గుర్తొస్తుంది.

నూనె ఉన్న చోట తుప్పు పట్టదు. కొత్తవాళ్ళు ఎక్కువగా చేసే తప్పు ఇక్కడే. చక్రాలను కలిపే కడ్డీలకు, పిస్టన్ కడ్డీకి, స్లైడ్ బార్లకు తుప్పు రంగు పూసేస్తారు. రోజూ నూనె పోసే భాగాలవి. వాటి రంగు మెరిసే వెండి కాదు, తుప్పూ కాదు, జిడ్డు పట్టిన ముదురు బూడిద రంగు. బేరింగుల చుట్టూ మరీ నల్లగా, తడిగా మెరుస్తుంది. ఇంజన్ మొత్తం మీద మెరుపు ఉండాల్సిన చోటు ఇదే.

టెండర్ వెనక పై భాగంలో నీళ్ళు పట్టే మూత ఉంటుంది. నింపినప్పుడల్లా పొంగి వెనక పలక మీద కారుతుంది, అక్కడ మసి కడుక్కుపోయి నిలువు చారలు ఏర్పడతాయి. బొగ్గు పోసే గుంత లోపలి గోడలకు పెయింట్ మిగలదు, పార రాసుకుని ఉత్త ఇనుము బయటపడి తుప్పు పడుతుంది. తుప్పు రంగుకు రెండో మంచి చోటు అది. ఇసుక పెట్టెల మూతల చుట్టూ కొంచెం లేత ఇసుక రంగు. క్యాబ్ మెట్ల నడిమధ్య బూటు తగిలి అరిగిన మెరుపు, పెన్సిల్ ములుకు పొడి వేలితో రాస్తే చాలు.

ఎయిర్‌బ్రష్ లేకుండా నేను చేసే పద్ధతి. మొదట మ్యాట్ (మెరుపు లేని) వార్నిష్ స్ప్రే డబ్బాతో బాడీ మొత్తానికి పలుచగా ఒక పూత. అద్దాలు, చక్రాలు మాస్కింగ్ టేపుతో కప్పుకోండి. ఇరవై సెంటీమీటర్ల పైన దూరం ఉంచి, చెయ్యి ఆపకుండా, మోడల్ దాటాక బటన్ వదలండి. ప్లాస్టిక్ మెరుపు ఇక్కడే పోతుంది. కొందరికి ఈ ఒక్క పూతతోనే తృప్తి కలుగుతుంది.

వానపడే రోజున వార్నిష్ స్ప్రే చేయవద్దు. ఇది మన కోస్తా వాళ్ళకు మరీ ముఖ్యం. కొన్నేళ్ళు విశాఖలో ఉన్నప్పుడు ఒక ఆగస్టు సాయంత్రం, ముసురులో, వారం రోజులు పనిచేసిన ఇంజన్ మీద ఆఖరి పూత కొట్టాను. పది నిమిషాల్లో ఇంజన్ అంతా విభూతి పూసినట్టు తెల్లబడింది. గాలిలోని తేమ వార్నిష్‌లో చిక్కుకుంటుంది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. నాలుగు రోజుల తర్వాత ఎండ కాసినప్పుడు అదే వార్నిష్ ఇంకో తడి పూత వేస్తే చాలావరకు తేరుకుంది, పూర్తిగా మాత్రం కాదు. విజయవాడలో మీకు డిసెంబరు నుంచి మే దాకా ఇబ్బంది లేదు, మిగతా నెలల్లో పొడి మధ్యాహ్నం చూసుకోండి.

వార్నిష్ ఒక రోజు ఆరాక ఆర్టిస్ట్ ఆయిల్ కలర్ ట్యూబులు తీసుకోండి. నాలుగు రంగులు చాలు: ల్యాంప్ బ్లాక్, బర్న్‌ట్ అంబర్, బర్న్‌ట్ సియెనా, టైటానియం వైట్. కామెల్ ట్యూబులే వాడతాను, స్టేషనరీ షాపులో దొరుకుతాయి. రంగును నేరుగా పళ్ళెంలో వేయకుండా అట్టముక్క మీద పిండి అరగంట వదిలేయండి. అట్ట నూనెను పీల్చుకుంటుంది, రంగు ఆరాక మెరవదు. పలచన చేయడానికి ఆర్టిస్టులు వాడే వాసన లేని టర్పెంటైన్ తీసుకోండి. హార్డ్‌వేర్ షాపు ఎన్‌సీ థిన్నర్ మాత్రం దరిదాపుల్లోకి రానివ్వకండి, ప్లాస్టిక్ కరిగిపోతుంది.

అంబర్, నలుపు సగం సగం కలిపి టీ డికాషన్ అంత పలుచగా చేసి, బాడీకి కొద్దికొద్దిగా ఒక్కో పక్కకు పూయండి. పది నిమిషాలు ఆగి, దాదాపు పొడిగా ఉన్న చదునైన కుంచెతో పైనుంచి కిందికి, పైనుంచి కిందికి లాగండి. రివెట్ల చుట్టూ, రేకు కలిసిన గీతల్లో రంగు మిగులుతుంది, మిగతా చోట చారలై పలుచబడుతుంది. వర్షం ఇంజన్‌ను ఎటు కడుగుతుందో కుంచె అటే వెళ్ళాలి. అడ్డంగా ఒక్కసారి కూడా తుడవద్దు. నచ్చకపోతే టర్పెంటైన్ తడిపిన ఇయర్‌బడ్‌తో మొత్తం తుడిచేసి మళ్ళీ మొదలుపెట్టొచ్చు. మీ టెన్షన్‌కు మందు ఇదే. ఆయిల్ కలర్ ఆరడానికి ఒకటి రెండు రోజులు పడుతుంది, అంతసేపూ మనసు మార్చుకోవచ్చు. మొదట ఛాసిస్ అడుగున కనిపించని చోట ఒక చుక్క వేసి చూడండి, కంపెనీ రంగు ఊడకపోతే ముందుకు వెళ్ళండి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో మాత్రం బాడీ తుడవకండి, ముద్రించిన నంబర్లు, గీతలు లేచిపోతాయి.

క్యాబ్ నంబరు చుట్టూ తుడిచిన చదరం ఈ దశలోనే చేయాలి. తడి ఇయర్‌బడ్‌తో నంబరు మేర మసి తీసేసి, అంచులు కొంచెం వంకర టింకరగా వదలండి. స్కేలు పెట్టి గీసినట్టు ఉండకూడదు.

తెల్ల చారలకు ఉత్త తెలుపు వద్దు. తెలుపులో కొంచెం అంబర్ కలపండి, సన్నని కుంచె మొనతో చుక్క పెట్టి కిందికి లాగండి. నలుపు కూడా అంతే. ఉత్త నలుపు ఎక్కడా వాడకండి. చిన్న వస్తువు మీద ఉత్త నలుపు వేస్తే వివరాలన్నీ మింగేసి నీడలా కనిపిస్తుంది.

ఆయిల్ ఆరాక పొడులు. సాఫ్ట్ పాస్టెల్ కడ్డీలను గరుకు కాగితం మీద అరగదీసి పొడి చేసుకోండి. పిల్లలు వాడే ఆయిల్ పాస్టెల్ పనికిరాదు, అది మైనం. మసికి నలుపు, స్మోక్‌బాక్స్‌కు బూడిద రంగులో చిటికెడు గోధుమ, టెండర్ లోపలికి తుప్పు రంగు. మెత్తటి పాత మేకప్ బ్రష్‌తో అద్దండి. వీటి మీద వార్నిష్ కొడితే పొడి సగానికి పైగా మాయమైనట్టు కనిపిస్తుంది. అందుకే చేత్తో పట్టుకునే భాగాలకు మాత్రం పలుచగా వార్నిష్ కొట్టి, బాయిలర్ నెత్తిన పొడిని అలాగే వదిలేస్తాను. ఇంజన్‌ను ఎప్పుడూ ఛాసిస్ దగ్గర పట్టుకుంటే చాలు.

చక్రాలు, ఛాసిస్. ఆగి ఉన్న చక్రాలకు రంగు వేస్తే కడ్డీల వెనక ఉన్న భాగం కొత్తగా మిగిలిపోతుంది, ఇంజన్ కదలగానే ఆ నల్ల మచ్చలు తిరుగుతూ కనిపిస్తాయి. కొంచెం వేసి, అర చుట్టు తిప్పి, మళ్ళీ వేయండి. చక్రం పట్టాను తాకే అంచుకు, వెనక కరెంటు తీసుకునే సన్నటి రాగి పట్టీలకు రంగు తగలకూడదు. ఒకసారి ఆ పట్టీలకు రంగు తగిలి, ఇంజన్ ప్రతి రెండడుగులకూ ఆగిపోతుంటే మోటారు పోయిందనుకుని రోజంతా వెతికాను. పని అయ్యాక అంచులు ఐసోప్రొపైల్‌లో ముంచిన ఇయర్‌బడ్‌తో తుడవండి, ఇక్కడ అది పనికొస్తుంది. గేర్ల దగ్గరికి పొడి వెళ్ళనివ్వకండి. ఇనుప రజను కలిసిన పొడులైతే మోటారు అయస్కాంతం లాగేసుకుంటుంది, వాటిని అసలు కొనకండి. అన్నీ ఆరాక బేరింగుల చుట్టూ నల్లరంగు కలిపిన మెరిసే (గ్లాసీ) వార్నిష్ చిన్న చుక్కలు పెట్టండి, అదే నూనె తడి.

టెండర్‌లో పోత ప్లాస్టిక్ బొగ్గు ఉంటే తీయగలిగితే తీసేసి నిజమైన బొగ్గు పోయండి. నేను సింగరేణి బొగ్గు ముక్క ఒకటి గుడ్డలో కట్టి సుత్తితో కొట్టి టీ జల్లెడలో పట్టుకుంటాను. రెండు మిల్లీమీటర్ల ముక్క నిజంలో ఆరంగుళాల గడ్డ, అంతకంటే పెద్దవి ఒకటో రెండో చాలు. ఫెవికాల్ సగం, నీళ్ళు సగం, ఒక చుక్క లిక్విడ్ సోప్ కలిపి డ్రాపర్‌తో పోయండి. బొగ్గు నిండుగా కుప్ప పోయకండి. ఈ టెండర్లలో తొమ్మిది టన్నులు పట్టేది, కానీ దారి మధ్యలో ఉన్న ఇంజన్‌కు ముందు పక్క గుంత పడి ఉంటుంది. ఫైర్‌మన్ పార అక్కణ్ణుంచే తీస్తుంది.

మీరు రెండో ప్రశ్నగా మన డబ్ల్యూజీకి (భారతీయ రైల్వేల బ్రాడ్‌గేజి గూడ్స్ ఆవిరి ఇంజన్) కూడా ఇదే పద్ధతి పనికొస్తుందా అని అడిగారు. పద్ధతి ఒకటే, రంగులు వేరు. 1950 నుంచి 1970 దాకా 2,450 డబ్ల్యూజీలు వచ్చాయి. మన బొగ్గులో బూడిద ఎక్కువ. అందుకే నా డబ్ల్యూజీకి స్మోక్‌బాక్స్ దగ్గర లేత బూడిద రంగు ఇంకొంచెం ఎక్కువ వేస్తాను, కింది భాగాలకు బ్రిటిష్ గోధుమ రంగు కాకుండా మన ఎర్రమట్టి దుమ్ము వైపు మొగ్గుతాను. హెచ్‌ఓ స్కేలులో చేస్తే ఒక సంగతి ముందే తెలుసుకోండి. మన బ్రాడ్‌గేజి 1,676 మిల్లీమీటర్లు, 1:87లో అది 19.3 మిల్లీమీటర్లు కావాలి, మామూలు హెచ్‌ఓ పట్టా 16.5. పక్కనుంచి చూస్తే తెలియదు, ముందునుంచి చూస్తే ఇంజన్ కాళ్ళు దగ్గరికి పెట్టుకుని నిలబడినట్టు ఉంటుంది. నేను దాన్ని ఒప్పుకుని ముందు ఫొటోలు తీయడం మానేశాను. కొందరు పట్టాలు కూడా చేత్తో వేసుకుంటారు. మీ ఓపికను బట్టి.

ఈ వారం మీ ఇంజన్‌ను ముట్టుకోవద్దు. పాత గూడ్స్ పెట్టె ఒకటి, వీలైతే నల్లది, సంపాదించి దాని మీద వార్నిష్, ఆయిల్ చారలు, పొడి, మూడూ చేయండి. ఒక పక్క మీకు నచ్చే దాకా, రెండో పక్క కావాలని ఎక్కువ చేసి చూడండి. ఎక్కువైతే ఎలా ఉంటుందో ఒకసారి కళ్ళతో చూసినవాళ్ళు మళ్ళీ అక్కడిదాకా వెళ్ళరు. చూసేటప్పుడు లేఅవుట్ మీద వేసే లైటు కిందే చూడండి. టేబుల్ దీపం పసుపు వెలుగులో సరిపోయిన గోధుమ రంగు తెల్లటి ఎల్‌ఈడీ కింద నారింజలా అరుస్తుంది.

ఎంచుకున్న ఇంజన్ నంబరు, టెండర్ ముద్ర ఏదో, లేఅవుట్ వంపు ఎంతో రాయండి. గూడ్స్ పెట్టె రెండు పక్కలా ఫొటోలు పెడితే, ఏ చార ఎక్కడ ఆగాలో ఒక్కొక్కటే చూసి చెప్తాను.